పాతబస్తీ ఇళ్ళలో టాప్‌లోడ్ వాషింగ్ మెషీన్: ఎంపిక, మన్నిక

హైదరాబాదు పాతబస్తీ అంటే మూసీకి దక్షిణాన, 1591లో కట్టిన చార్మినారు చుట్టూ పెరిగిన ఊరు. శాలిబండ, లాల్‌దర్వాజా, గౌలిపురా, ఛత్రినాక, యాకుత్‌పురా, మొఘల్‌పురా, హుస్సేనీ ఆలం వంటి పేటల్లో ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. అరవై గజాల జాగాలో మూడంతస్తులు లేపిన ఇల్లూ ఉంటుంది, నడుమ వాకిలి వదిలిన పాతకాలపు ఇల్లూ ఉంటుంది. బట్టలుతికే యంత్రం కొనాలనుకున్నప్పుడు ఇక్కడివాళ్ళు ముందుగా చూసేది పైమూత తీసి బట్టలు వేసే టాప్‌లోడ్ రకాన్నే. ధర తక్కువ, నడుం వంచనక్కర లేదు, ఉతుకు మధ్యలో మూత తీసి మరచిపోయిన చొక్కా కూడా వేసేయొచ్చు.

ఏ మెషీన్ నమ్మకమైనది అని దుకాణంలో అడిగితే ఓ కంపెనీ పేరు చెబుతారు. అది సగం జవాబే. ఒకే కంపెనీ, ఒకే మోడలు ఒక ఇంట్లో పదేళ్ళు ఆడి, ఇంకో ఇంట్లో మూడేళ్ళకే మూలపడుతుంది. ఇంటికొచ్చే నీళ్ళు, వాటి ఒత్తిడి, మోరీ ఎత్తు, గోడలో ఎర్తింగు, ఫోన్ చేస్తే వచ్చే మెకానిక్కు: మెషీన్ ఆయుష్షును ఎక్కువగా తేల్చేవి ఇవి. అందుకే ఎంపికను ఇంట్లో మొదలుపెట్టి షోరూములో ముగించడం మేలు.

రేవు నుంచి నల్లా దాకా

మెషీన్లు రాకముందు ఈ ఊరి బట్టలు మూసీ ఒడ్డు రేవుల్లో రజకుల చేతుల్లో తెల్లబడేవి. మాసిన బట్టలను చవుడు నీళ్ళలో తడిపి, ఉబ్బ పెట్టి, బండ మీద బాదేవారు. ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి అంచున నల్లజీడి రసంతో గుర్తు వేసేవారు. ఎన్నిసార్లు ఉతికినా ఆ గుర్తు చెరగదు. పట్టుకు కుంకుడుకాయ, తెలుపుకు నీలిమందు, నూలు చీరకు గంజి. 1959లో సర్ఫ్, 1969లో నిర్మా వచ్చాక పొడి సబ్బు ఇంటింటికీ చేరి, ఇంట్లోనే ఉతుక్కోవడం పెరిగింది. ఇస్త్రీ మాత్రం ఇప్పటికీ చాలా ఇళ్ళలో గల్లీ మూల బండి వాళ్ళ పనే. 2021 ఏప్రిల్ నుంచి లాండ్రీలకు, ధోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిందంటే ఆ వృత్తి ఇంకా నిలిచి ఉన్నట్టే.

ఇంట్లో ఉతకాలంటే ఇంటికి నీళ్ళు రావాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద ఊరిని ముంచెత్తింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన చెరువులే ఊరికి తాగునీళ్ళూ ఇచ్చాయి. తర్వాత మంజీరా, 2004లో కృష్ణా, 2015లో గోదావరి నీళ్ళు పైపుల్లోకి చేరాయి. 1989లో ఏర్పడ్డ జలమండలి వీటన్నిటినీ పంచుతోంది. అయినా పాతబస్తీలో నల్లా రోజు విడిచి రోజు, అదీ కాసేపే వచ్చే గల్లీలు చాలా ఉన్నాయి. ఆ కాసేపట్లో సంపు నింపుకుని, మోటారుతో డాబా మీది ట్యాంకుకు ఎక్కించి, చాలనిది బోరుతో సర్దుకోవడం ఇక్కడి రివాజు. వాషింగ్ మెషీన్ కూడా ఈ సర్దుబాటులోనే ఇమడాలి.

కరెంటుతో తిరిగే ఉతుకు యంత్రాలు అమెరికాలో 1908 ప్రాంతంలోనే అమ్మకానికి వచ్చాయి. 1937లో బెండిక్స్ సంస్థ చూపించిన ఆటోమేటిక్ మెషీన్ ముందు తలుపు రకం. మన టాప్‌లోడ్‌లకు దగ్గరి పూర్వజులు వేరే: 1948లో ఇంగ్లండులో హూవర్ సంస్థ టబ్బు గోడలో తిరిగే చక్రంతో ఒక చిన్న మెషీన్ తెచ్చింది, 1953లో జపానులో శాన్యో అదే సూత్రాన్ని అందుకుంది. ఆ చక్రం తర్వాత టబ్బు అడుక్కి దిగి, పల్సేటర్ పేరుతో ఆసియా అంతా పాకింది. మన దేశంలో 1980ల చివర, 90ల మొదట్లో వీడియోకాన్, టీవీఎస్ వర్ల్‌పూల్, బీపీఎల్ పేర్లు వినిపించాయి. 1995లో శామ్‌సంగ్, 1997లో ఎల్‌జీ దిగాక పోటీ మారిపోయింది. ఆనాటి పేర్లలో కొన్ని ఇప్పుడు బజారులో కనిపించవు. వీడియోకాన్ 2018లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. మెషీన్ బాగానే ఉన్నా, పార్టు పోతే తెచ్చి వేసే దిక్కుండాలి కదా. కంపెనీ పదేళ్ళు నిలబడుతుందా అన్నది కూడా మన్నికలో భాగమేనని ఆ ఉదంతం చెబుతుంది.

మూత కింద ఏముంది

ఫుల్లీ ఆటోమేటిక్ టాప్‌లోడ్‌లో ఒకదాంట్లో ఒకటి రెండు టబ్బులుంటాయి. బయటిది నీళ్ళు పట్టి ఉంచుతుంది. లోపలిదానికి ఒళ్ళంతా చిల్లులు. బట్టలు వేసేది దీంట్లోనే. అడుగున పల్సేటర్ అటూ ఇటూ తిరిగి నీళ్ళను సుడి తిప్పుతుంది. ఉతకడం అయ్యాక క్లచ్ మారి, లోపలి టబ్బు మొత్తం నిమిషానికి సుమారు 700 చుట్లు తిరుగుతూ బట్టల్ని పిండుతుంది. ఈ రెండు టబ్బుల బరువూ నాలుగు మూలలా వేలాడే స్ప్రింగు కడ్డీల మీద ఉంటుంది. వాటినే మెకానిక్కులు సస్పెన్షన్ రాడ్లు అంటారు. లోపలి టబ్బు అంచున బోలు వలయం ఒకటి ఉంటుంది. అందులో ఉప్పు నీళ్ళు పోసి మూసేస్తారు. బట్టలు ఒక పక్కకు చేరితే ఆ నీళ్ళు రెండో పక్కకు జరిగి ఊపును తగ్గిస్తాయి.

నీళ్ళు ఎంత నిండాయో మెషీన్‌కు తెలిసేది సన్నటి గాలి గొట్టం ద్వారా. బయటి టబ్బు అడుగు నుంచి పైనున్న ప్రెషర్ స్విచ్ దాకా ఆ గొట్టం ఉంటుంది. నీళ్ళు పెరిగేకొద్దీ అందులో గాలి నొక్కుకుంటుంది. ఈ గొట్టంలో సబ్బు పేరుకున్నా, చిన్న చీలిక వచ్చినా మెషీన్ లెక్క తప్పుతుంది. నిండిన టబ్బును ఖాళీ అనుకుని నీళ్ళు పడుతూనే ఉంటుంది. చాలామంది దీన్ని బోర్డు పోయిందనుకుంటారు. బోర్డు మార్చే ముందు గొట్టం ఊది చూడమనడం వినియోగదారుడి హక్కే.

సెమీ ఆటోమేటిక్‌ను తక్కువ చేయొద్దు

రెండు టబ్బులు పక్కపక్కన ఉండే సెమీ ఆటోమేటిక్ కూడా పైనుంచి బట్టలు వేసేదే. దుకాణదారు దీన్ని పాత సరుకులా చూపిస్తాడు. పాతబస్తీ నీళ్ళకు మాత్రం ఇదే సరైన జవాబయ్యే ఇళ్ళు చాలా ఉన్నాయి. దీనికి నల్లా ఒత్తిడితో పని లేదు, బకెట్‌తో పోసినా నడుస్తుంది. ఒకే సబ్బు నీళ్ళలో ముందు తెల్లవి, తర్వాత రంగువి, చివర పిల్లల బడి ప్యాంట్లు ఉతకొచ్చు. కరెంటు పోతే ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే తిప్పుకోవచ్చు. లోపల ఎలక్ట్రానిక్ బోర్డు లేని మోడళ్ళలో చెడిపోయేవి టైమరు, బెల్టు, కెపాసిటరు, బ్రేకు వంటి చిన్న సామాన్లే. గల్లీలోని ఏ మెకానిక్కైనా బాగు చేస్తాడు. సుమారు 8 వేల నుంచి 13 వేల రూపాయల్లో మంచిదే దొరుకుతుంది. లోటు ఒకటే, మనిషి పక్కన నిలబడాలి: తడి బట్టల్ని ఒక టబ్బులోంచి తీసి ఇంకోదాంట్లో వేయాలి, జాడించడానికి మళ్ళీ నీళ్ళు పట్టాలి. నడుం నొప్పి ఉన్నవాళ్ళకు, ఉద్యోగానికి పరుగెత్తేవాళ్ళకు ఇది కుదరదు. మిగతావాళ్ళు సిగ్గుపడకుండా కొనొచ్చు.

ఒత్తిడి లెక్క, మోరీ లెక్క

ఫుల్లీ ఆటోమేటిక్ కొనేవారు టేపు పట్టుకుని డాబా ఎక్కాలి. నీళ్ళ ట్యాంకు 10 మీటర్ల ఎత్తున ఉంటే కింద కొళాయి దగ్గర సుమారు 1 బార్ ఒత్తిడి వస్తుంది. చాలా మెషీన్ల పుస్తకాలు కనీసం 0.3 నుంచి 0.5 బార్ అడుగుతాయి. అంటే ట్యాంకు అడుగుకూ కొళాయికీ మధ్య 3 నుంచి 5 మీటర్ల తేడా ఉండాలి. మూడంతస్తుల ఇంట్లో కింద పోర్షనుకు ఇది సులభంగా దొరుకుతుంది. పై పోర్షనులో ట్యాంకు నెత్తి మీదే ఉంటుంది కాబట్టి తేడా రెండు మీటర్లకు మించదు. ఇక డాబా మీదే, ట్యాంకు పక్కనే రేకుల కింద మెషీన్ పెట్టుకున్నవాళ్ళకు మీటరు కూడా రాదు. అప్పుడు నీళ్ళు సన్నగా కారుతాయి. ఇచ్చిన గడువులో టబ్బు నిండకపోతే మెషీన్ ఆగి అరుస్తుంది: ఎల్‌జీలో ‘ఐఈ’ అని, శామ్‌సంగ్ మోడళ్ళలో ‘4ఈ’ లేదా ‘4సీ’ అని తెర మీద పడుతుంది. కొత్త మెషీన్ చెడిపోయిందని సర్వీసు వాళ్ళను పిలిస్తే వాళ్ళొచ్చి ట్యాంకును చూపించి పోతారు. దీనికి విరుగుడు ట్యాంకును ఎత్తైన దిమ్మె మీదికి మార్చడం, లేదా చిన్న ప్రెషర్ పంపు బిగించడం. కొన్ని మోడళ్ళు తక్కువ ఒత్తిడికీ తెరుచుకునే వాల్వుతో వస్తాయి. కొనేటప్పుడు ఆ మాట పుస్తకంలో చూపించమనాలి, నోటి మాటకు విలువ లేదు.

నీళ్ళు పోయే దారి ఇంకా ముఖ్యం. మన దేశంలో అమ్మే టాప్‌లోడ్‌లలో చాలావాటికి నీళ్ళు తోడే పంపు ఉండదు. అడుగున చిన్న డ్రెయిన్ మోటారు మూత లాగుతుంది, నీళ్ళు వాటి బరువుకు అవే దిగిపోతాయి. పాత ఇళ్ళలో బాత్‌రూము గడప అరచేయంత ఎత్తుంటుంది. మెషీన్‌ను వరండాలో నిలబెట్టి, గొట్టాన్ని ఆ గడప మీదుగా లోపలి మోరీలోకి వేస్తారు. ఉతకడం బాగానే అవుతుంది. నీళ్ళు వదిలేటప్పుడు గడప ఎత్తు దాటలేక గొట్టంలో నిలుస్తాయి. టబ్బు ఖాళీ కాలేదని మెషీన్ పిండటం మానేస్తుంది. తీసి చూస్తే బట్టలు మురికి నీళ్ళలో తేలుతుంటాయి. సీసా నిండా నీళ్ళు తీసుకుని, గొట్టం పోయే దారిలో నేల మీద పోసి అవి ఎటు పారుతున్నాయో ఒకసారి చూస్తే ఈ బాధ మెషీన్ రాకముందే తెలిసిపోతుంది. వాలు లేకపోతే ఇనుప స్టాండు మీద మెషీన్‌ను ఎత్తాలి, లేదా పంపు ఉన్న మోడలు వెతకాలి. ఒక్కసారి బయటికొచ్చే నీళ్ళు తక్కువేమీ కాదు. వాన వస్తే పొంగే గల్లీ మోరీ అయితే ఇంటివాళ్ళు ముందు దాని సంగతి చూసుకోవాలి.

7 కిలోల టాప్‌లోడ్ ఒక పూర్తి ఉతుకుకు, జాడింపులతో కలిపి, సుమారు 100 నుంచి 150 లీటర్లు తాగుతుంది. ముందు తలుపు మెషీన్ అందులో సగంతో సరిపెట్టుకుంటుంది. నెలకు 20 సార్లు ఉతికితే టాప్‌లోడ్‌కు 2 వేల నుంచి 3 వేల లీటర్లు. 2021 జనవరిలో హైదరాబాదులో మొదలైన పథకం కింద అర్హత ఉన్న ఇంటికి నెలకు 20 వేల లీటర్ల నీళ్ళు ఉచితం కనుక బిల్లు భయం పెద్దగా లేదు. నీళ్ళ ట్యాంకరు తెప్పించుకునే ఇంటికి మాత్రం ఈ లెక్క వేరు.

బోరు నీళ్ళ ఉప్పు

ఈ ఊరు గ్రానైటు రాతి నేల మీద ఉంది. చాలా చోట్ల బోరు నీళ్ళు కఠినం. సబ్బు నురగ రాదు, బకెట్ అంచున తెల్లటి చార కడుతుంది. తాగునీళ్ళకు భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. కొందరు కలంలాంటి టీడీఎస్ మీటరు ముంచి కఠినత్వం చెప్పేస్తారు. అది నీళ్ళలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపుతుంది, కఠినత్వాన్ని విడిగా చూపదు. సీసాలో సగం నీళ్ళు పోసి, కాస్త సాదా సబ్బు తురుము వేసి గట్టిగా ఊపితే నురగ నిలవకుండా తెల్లటి తెట్టు కడితే కఠిన జలమని తెలుసుకోవచ్చు.

ఈ నీళ్ళ వల్ల బట్టలు బిరుసెక్కడం ఒక్కటే కాదు. రెండు టబ్బుల నడుమ, కంటికి కనిపించని చోట, సున్నం, సబ్బు, నూలు పొట్టు కలిసి బూడిద రంగు పొరగా పేరుకుంటాయి. ఏడాది గడిచాక ఆ పొర పెచ్చులుగా ఊడి తెల్లచొక్కాల మీద నల్లటి తునకలై కనిపిస్తుంది. నెలకోసారి ఖాళీ టబ్బులో నీళ్ళు నింపి, డీస్కేలింగ్ పొడి వేసి నానబెట్టి తిప్పాలి. నిమ్మ ఉప్పూ ఇదే పని చేస్తుంది. హీటరు ఉన్న మోడలు బోరు ఇంటికి పనికిరాదు; వేడికి సున్నం త్వరగా గడ్డకట్టి హీటరు తీగ మీదే కూర్చుంటుంది. వీలైతే నల్లా వచ్చిన రోజే ఉతుకు పెట్టుకోవడం అన్నిటికన్నా చవకైన వైద్యం.

జలమండలి పైపు మరమ్మతు జరిగాక మొదటి గంట ఎర్రనీళ్ళు వస్తాయి. ఆ మట్టి వెళ్ళి చేరేది మెషీన్ వెనక ఇన్‌లెట్ వాల్వు మూతిలోని వేలి గోరంత జల్లెడలో. కొళాయి కట్టేసి, గొట్టం మర తిప్పి ఊడదీస్తే ఆ ప్లాస్టిక్ జల్లెడ కనిపిస్తుంది. పట్టకారుతో మెల్లగా బయటికి లాగి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మళ్ళీ పెట్టాలి. పది నిమిషాల పని. దీనికే సర్వీసు వాళ్ళు వస్తే రాకపోకల ఛార్జీ కట్టాలి.

కరెంటు, ఎర్తింగు, ఎలుకలు

చన్నీళ్ళతో ఉతికే టాప్‌లోడ్ ఒక్కో ఉతుకుకు పావు యూనిట్ లోపే తింటుంది. నీళ్ళు వేడి చేస్తేనే ఖర్చు. 40 లీటర్ల నీళ్ళను 30 డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు 1.4 యూనిట్లు కావాలి, అంటే మోటారు తినేదానికి ఆరేడు రెట్లు. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హులైన ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. దాటితే మొత్తం బిల్లూ కట్టాలి. ఆ గీత అంచున ఉండే కుటుంబానికి చన్నీళ్ళ మెషీన్ చిక్కు తేదు, హీటరు మోడలు తెస్తుంది. కరెంటు పొదుపును తెలిపే బీఈఈ నక్షత్రాల చీటీ మీద కిలో బట్టలకు ఎంత కరెంటు, ఎన్ని లీటర్ల నీళ్ళు అన్న అంకెలుంటాయి. నక్షత్రాలు లెక్కపెట్టడం కన్నా ఆ నీళ్ళ అంకె చదవడం పాతబస్తీ ఇంటికి ఎక్కువ ఉపయోగం.

ఇన్వర్టర్ మోటారు గురించి ప్రకటనలు ఊదరగొడతాయి. చప్పుడు తక్కువ, వేగం అదుపులో ఉంటుంది, కొన్ని మోడళ్ళలో బెల్టు కూడా ఉండదు. ఇవన్నీ నిజం. కానీ అసలు మోటారు తినేదే పావు యూనిట్ అయినప్పుడు అందులో ఆదా ఎంత? పైగా దాని బోర్డు ఖరీదు, వోల్టేజి ఎగిరిపడే లైన్లో ముందు దెబ్బ తినేదీ అదే. ఇన్వర్టర్ మోడలు కొంటే మంచి స్టెబిలైజర్ పెట్టుకోవాలి. అది కుదరనివాళ్ళకు సాదా మోటారు, బెల్టు ఉన్న మోడలే నయం.

ఎర్తింగు విషయంలో రాజీ లేదు. పాత ఇళ్ళలో మూడు చిల్లుల సాకెట్టు ఉంటుంది, మూడో చిల్లుకు తీగే ఉండదు. తడి చేత్తో ముట్టుకునే యంత్రం ఇది. చుర్రుమంటే అది మెషీన్ లోపమో, ఇంటి లోపమో తేలేదాకా ప్లగ్గు పెట్టకూడదు. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తు గుంత వేయించి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించడం మెషీన్ ధరతో చూస్తే చిన్న ఖర్చు. ఇక ఎలుకలు. టాప్‌లోడ్ మెషీన్ అడుగు బోలుగా ఉంటుంది. రాత్రిపూట మోరీలోంచి వచ్చిన ఎలుకకు లోపల వెచ్చటి చోటు, కొరకడానికి తీగలు. ఎలుక కొరికిన తీగలకు వారంటీ వర్తించదు. అడుగున ర్యాట్ మెష్ ఉన్న మోడలు అడగాలి, విడిగానైనా బిగించుకోవాలి. ఇక్కడ అది అన్ని ఫీచర్లకన్నా విలువైన ఫీచర్.

సైజు, మెట్లు, బట్టల రకం

మెషీన్ మీద రాసే కిలోలు పొడి బట్టల బరువు. నలుగురికి 6.5 లేదా 7 కిలోలు చాలు. ఉమ్మడి కుటుంబానికి, దుప్పట్లు, చద్దర్లు ఇంట్లోనే ఉతికేవారికి 8 లేదా 9 కిలోలది కావాలి. అయితే పెద్దది కొని సగం నింపి తిప్పితే నీళ్ళు దండగ. చిన్నది కొని కుక్కితే క్లచ్, రాడ్లు అరుగుతాయి. రెండిట్లో చెడ్డది రెండోదే.

పాతబస్తీ మెట్లు ఇరుకు, మలుపులు ఎక్కువ. 7 కిలోల టాప్‌లోడ్ వెడల్పు 55 సెంటీమీటర్ల చుట్టుపక్కల, బరువు 30 కిలోలకు అటూ ఇటూ. ఇద్దరు మోసుకుని మూడో అంతస్తుకు ఎక్కించగలరు. ముందు తలుపు మెషీన్ లోపల ఊపు ఆపడానికి కాంక్రీటు దిమ్మెలుంటాయి. దాని బరువు 60 కిలోలు దాటుతుంది. ఈ గల్లీల్లో టాప్‌లోడ్ గెలవడానికి ధరతో పాటు మెట్లూ ఒక కారణం. మెట్ల మలుపు దగ్గర టేపు పెట్టి చూసుకున్నాకే డబ్బు కట్టాలి. ఎండ, వాన పడే డాబా మీద పెట్టుకోక తప్పనివారు రేకుల బాడీ కాక ప్లాస్టిక్ బాడీ తీసుకుంటే తుప్పు బాధ ఉండదు, కానీ ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. నీడ ఎలాగూ కావాలి.

బట్టల్లో కొన్ని మెషీన్‌కు పనికిరావు. కార్చోబీ కుట్టుపనితనం ఉన్న పెళ్ళి బట్టలు, జరీ చీరలు, షేర్వానీలు చేత్తోనో డ్రైక్లీనింగ్‌లోనో తేలాలి. ఊడిన పూసలు, చమ్కీలు పల్సేటర్ కిందకు దూరి గరగరమంటాయి. బురఖాలను విడిగా, తిరగేసి, వల సంచీలో వేసి నాజూకు ప్రోగ్రాంలో తిప్పితే నలుపు నిలుస్తుంది. బోనాల చీరల మీద పసుపు మరకను సబ్బుతో ముడితే ఎర్రబారుతుంది. భయపడక్కరలేదు, జాడిస్తే ఆ ఎరుపు తగ్గుతుంది, మిగిలింది ఎండ లాగేస్తుంది. గంజి మాత్రం మెషీన్‌లో పెట్టకూడదు, బకెట్‌లోనే. రెయిన్‌కోట్లు, రబ్బరు షీట్లు పిండే టబ్బులో వేయడం ప్రమాదం: నీళ్ళు బయటికి పోనివ్వవు, టబ్బు ఒక పక్కకు బరువెక్కి ఎగురుతుంది. 2016 నవంబరులో అమెరికాలో శామ్‌సంగ్ సుమారు 28 లక్షల టాప్‌లోడ్‌లను వెనక్కి పిలిచింది. పిండేటప్పుడు ఊపు పెరిగి పైభాగం ఊడిపడే ముప్పే అందుకు కారణం. అక్కడి యజమానులకు ముందుగా ఇచ్చిన సలహా, దుప్పట్లు, నీళ్ళు ఇంకని బట్టలు తక్కువ వేగంలోనే తిప్పమని. ఇక్కడి మోడళ్ళు వేరు, సలహా మాత్రం పనికొస్తుంది.

ఏవి చెడతాయి, ఏవి అడగాలి

దుకాణంలో పెద్ద అక్షరాల్లో కనిపించేది మోటారుకు పదేళ్ళ వారంటీ. చెడేవాటిలో మోటారు వరస చివరన ఉంటుంది. ముందు పోయేవి ఇన్‌లెట్ వాల్వు, డ్రెయిన్ మోటారు, సస్పెన్షన్ రాడ్లు, మూత స్విచ్, బోర్డు. బరువు కుక్కితే క్లచ్, బేరింగు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న వేరు: మొత్తం మెషీన్‌కు వారంటీ ఎన్నేళ్ళు, అందులో బోర్డు ఉందా, ఆ తర్వాత బోర్డు ధర ఎంత? పదేళ్ళ మోటారు వారంటీలో పార్టు ఉచితమైనా, వచ్చి మార్చిన కూలీ విడిగా వేస్తారు. ఎక్స్‌టెండెడ్ వారంటీ అమ్మేది కంపెనీయా, దుకాణమా, మరెవరైనా బీమా సంస్థా అన్నది కాగితం మీద చూడాలి.

ఫుల్లీ ఆటోమేటిక్ టాప్‌లోడ్ ధర సుమారు 13 వేల నుంచి 25 వేల దాకా ఉంటుంది. ఈ ధరలో కలిసే జీఎస్టీ 2018 జులైలో 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఎల్‌జీ, శామ్‌సంగ్, వర్ల్‌పూల్, గోద్రెజ్, ఐఎఫ్‌బీ, హయర్, పానాసోనిక్ వంటి పేర్లలో ఏది మేలని అడిగేవారికి ఒక్కటే మాట: మీ గల్లీకి వచ్చే మెకానిక్కును ముందు కలవండి. ఏ కంపెనీ పార్టు అదే రోజు దొరుకుతుందో, దేనికి పది రోజులు పడుతుందో అతనికి తెలుసు. అమ్మినందుకు అతనికి కమీషను రాదు, కనుక అతని మాటకు తూకం ఎక్కువ.

పాత మెషీన్‌ను తుక్కు బండికి వేయడం కన్నా ఎక్స్ఛేంజిలో ఇచ్చేయడం మంచిది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల కింద దాన్ని సరిగా రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే. కొత్తది ఇంటికొచ్చిన రోజు డబ్బా విప్పగానే సీరియల్ నంబరు ఫొటో తీసి, బిల్లు, వారంటీ కార్డు, ఇన్‌స్టలేషన్ చీటీ ఒకే కవరులో పెట్టుకోవాలి. వారంటీలో ఉన్న లోపాన్ని బాగు చేయకుండా తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్న చోట కాకుండా మీరు ఉండే చోటే ఫిర్యాదు వేయొచ్చు. లోపం బయటపడిన రెండేళ్ళలోపు వేయాలి, వకీలు తప్పనిసరి కాదు, వస్తువు ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు.